బ్యాకప్ డిస్క్ కేబుల్ పీకెయ్ చిన్నీ

చిన్నీ,

ఉద్యోగం మానేసి ఇంట్లోనే వీడియో ఎడిటింగ్ మొదలుపెడుతున్నావని అక్క చెప్పింది. గర్వంగా ఉంది, కాదనను. కానీ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నీ ఫైళ్లు పోతే ఓ రోజు ఏడ్చి ఊరుకుంటావు, ఇంకొకళ్లు నమ్మి ఇచ్చినవి పోతే వాళ్లకేం చెప్తావు?

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. అప్‌డేట్లు వాయిదా వెయ్యకు. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్, ప్రపంచాన్ని వణికించిందే, దాన్ని ఆపే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకునే ఓపిక లేక బలైనవాళ్లే బోలెడుమంది. నీ పాత కంప్యూటర్లో విండోస్ 10 ఉంటే దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, దాని మీద పని పెట్టుకోకు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ చాలు. కంప్యూటర్లో ఏదైనా మార్చెయ్యగలిగే అడ్మిన్ అకౌంట్ రోజూ పనికి వాడకు. ఫైల్ పేర్ల చివర ఎక్స్‌టెన్షన్ కనపడేలా పెట్టుకో, ఎందుకంటే 2000లో ఐ లవ్ యూ వైరస్ ఉత్తరంలా కనిపించే టెక్స్ట్ ఫైల్ పేరుతో వచ్చింది, అది నిజానికి ప్రోగ్రామని చెప్పే, చివర దాక్కున్న వీబీఎస్ అన్న మూడక్షరాలు చాలామందికి కనపడనేలేదు.

ఇక అసలు సంగతి. నీ చిన్నప్పటి ఫొటోల్లో బడికి వెళ్లకముందువి ఒక్కటీ లేవు కదా, ఎప్పుడైనా అడిగావా? మీ నాన్న చెప్పడు, నేను చెప్తా. బావకి ఏదో ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చి క్రాక్ చేసింది, అంటే డబ్బు కట్టకుండా వాడేలా ఎవరో లాక్ విరగ్గొట్టింది, దించుకున్నాడు. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపెయ్యమని అందులోనే రాసుంది, ఆపేశాడు! దొంగ వచ్చి కుక్కని కట్టెయ్యమంటే కట్టేసినట్టు. తెల్లారేసరికి ప్రతి ఫైలుకీ కొత్త తోక, డబ్బు కట్టమని ఒక నోటు. బ్యాకప్ ఉందిలే అనుకున్నాడు, కానీ ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఏడాది పొడుగునా కంప్యూటర్‌కే తగిలించి ఉండేది, కంప్యూటర్‌కి కనపడేదంతా ర్యాన్సమ్‌వేర్‌కీ కనపడుతుంది కాబట్టి అదీ పోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. బీరువాలో ఇంకో పాత డిస్క్ ఉంది, శుభ్రంగా ఉంది, నీ ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. అది బాగుందో లేదో చూద్దామని కంగారులో అదే కంప్యూటర్‌కి పెట్టాడు. కాసేపట్లో అదీ అంతే. నాకు ఫోన్ చేసింది ఆ తర్వాత. ముందే చేసుంటే ముట్టుకోవద్దనేవాణ్ణి.

బావని అనడానికి కాదు. మనిషికి భయమేసినప్పుడు మొదట వెళ్లేది తను దాచుకున్నదాని దగ్గరికే. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ లాంటివాళ్లు కలిసి 2016లో పెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైట్లో కొన్ని రకాల ర్యాన్సమ్‌వేర్ వేసిన తాళాలు విప్పే ప్రోగ్రాములు ఉచితంగా ఉన్నాయి. మన దానికి ఇంకా రాలేదు. ఆ డిస్క్ నా దగ్గరే ఉంది, అప్పుడప్పుడూ ఆ సైట్ చూస్తూనే ఉంటాను.

అందుకే నీ పనికి మూడు కాపీలుండాలి. కంప్యూటర్లో ఒకటి, కాపీ అవ్వగానే కేబుల్ పీకేసే డిస్క్‌లో ఒకటి, ఇంట్లో కాకుండా బయట ఇంకోటి. క్లౌడ్ ఫోల్డర్ ఉంది కదా అనకు, సింక్ అంటే నువ్వు ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోవడమే, పాత వెర్షన్లు దాస్తుందో లేదో, ఎన్నాళ్లు దాస్తుందో చూసుకో. ఎస్‌ఎస్‌డీలో చెరిపేసింది తర్వాత ఎవరో తీసిస్తారని ఆశపడకు, ట్రిమ్ అని అలాంటి డిస్కుల్లో ఉండే ఏర్పాటు ఆ చోటుని ఖాళీ చేసేస్తుంది. డిస్క్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకో. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక వీడియో వేరే కంప్యూటర్లో తెరిచి చివరిదాకా ఆడించు, పేరు కనపడితే ఫైల్ ఉన్నట్టు కాదు.

ఎప్పుడైనా స్క్రీన్ మీద ఏదో హెచ్చరిక వచ్చి ఫలానా నంబర్‌కి ఫోన్ చెయ్యమంటే చెయ్యకు. ఫైళ్ల పేర్లు వింతగా మారుతుంటే ముందు వైఫై ఆపు, నెట్ కేబుల్ ఉంటే పీకు, బ్యాకప్ డిస్క్ జోలికి పోకు, నాకు ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా సరే, తిట్టను.

మీ మామయ్య