మనవాళ్ళ పేర్లు పెట్టే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పరీక్షలు అయిపోయాయని, నువ్వు తలుపేసుకుని కంప్యూటర్‌లో ఏదో భయంకరమైన ఆట మొదలుపెట్టావని, అందులో మనుషులకు మన ఇంట్లోవాళ్ళ పేర్లు పెడుతున్నావని చెప్పింది. "వెస్టల్ అంటే ఎవరు వదినా? అది మీరేనట" అంది. ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది, డార్కెస్ట్ డంజన్ అని.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. 2016 జనవరిలో ఆ ఆట వచ్చినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఆ వేసవి సెలవుల్లో నిజాంపేటలో మా అద్దింటికి వచ్చి, నేను ఆడుతుంటే కుర్చీ వెనక నిలబడి చూసేవాడివి. కథ చెప్పే ఆ వేన్ జూన్ గొంతు మొదలవగానే నా చున్నీ గట్టిగా పట్టుకునేవాడివి. ఇప్పుడు ఆ ఆటలోని ఊరికి నువ్వే వారసుడివై వెళ్తున్నావు. పైగా గాయాలు మాన్పే మనిషికి నా పేరు పెట్టుకున్నావు. అది విని కళ్ళు తుడుచుకున్నాను, మీ అమ్మకు చెప్పలేదు.

ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది. మ్యాన్-ఎట్-ఆర్మ్స్‌కి, ఆ ముసలి సిపాయికి, తాతయ్య పేరు పెట్టావట. అప్పటి నుంచి నిద్ర పట్టలేదు, లేచి ఇది రాస్తున్నాను. పూర్తిగా చదువు, మధ్యలో వదిలేయకు.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. పార లేకుండా డంజన్ లోపలికి, అంటే ఆ చీకటి నేలమాళిగల్లోకి, పోవద్దు. తిండి లెక్కకు కాస్త ఎక్కువే కొను. కాగడాల దగ్గర పిసినారితనం చెయ్యకు. వెలుగు తగ్గితే దొరికే సొమ్ము పెరుగుతుంది నిజమే, కానీ శత్రువు దెబ్బలూ, మనవాళ్ళ స్ట్రెస్సూ దాంతోపాటే పెరుగుతాయి. ఊళ్ళో ముందు స్టేజ్‌కోచ్, అంటే కొత్తవాళ్ళను తెచ్చే గుర్రబ్బండి, బాగుచేయించు, మనుషులు ఎక్కువమంది వస్తారు. పోయినవాళ్ళు మామూలుగా తిరిగి రారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడదామంటే పాత సేవ్ ఉండదు.

మొదట నీ చేతికి ఇద్దరే వస్తారు, క్రూసేడర్ రేనాల్డ్, హైవేమన్ డిస్మాస్. ఒకడు మతయుద్ధం చేసొచ్చినవాడు, ఇంకొకడు దారిదోపిడీ దొంగ. కానీ చేతివాటం ఉన్నది క్రూసేడర్‌కే. పెట్టె కనిపిస్తే నువ్వు చెప్పకముందే వెళ్ళి అందులోది తన జేబులో వేసుకుంటాడు. సొమ్ము కూడాక ఊరి ఆసుపత్రి శానిటేరియంలో ఆ గుణం తీయించు. డిస్మాస్ అన్నది, యేసు పక్కన సిలువ మీద పశ్చాత్తాపపడిన దొంగకు క్రైస్తవులు చెప్పుకునే పేరు. ఇలా ఒక్కొక్కరికీ వెనక ఒక బతుకు ఉంటుంది. నాకు ఈ ఆట నచ్చింది అందుకే. వాళ్ళిద్దరి పేర్లూ మార్చకు.

నలుగురి వరసలో ఎవరు ఏ చోట నిలబడితే పనికొస్తారన్నది తెలిస్తే క్లాసులు, అంటే హీరోల రకాలు, సగం తెలిసినట్టే. లెపర్ ముందు రెండు చోట్లలోనే మనిషి. పెద్ద కత్తి, పెద్ద దెబ్బ, గురి మాత్రం తక్కువ. శత్రువు అతణ్ణి వెనక్కి నెట్టేస్తే, మళ్ళీ ముందుకు రావడానికే ఒక వంతు పోతుంది. ఆ ముసుగు చూసినప్పుడల్లా నాకు జెరూసలేం రాజు నాలుగో బాల్డ్విన్ గుర్తొస్తాడు. కుష్ఠువ్యాధితోనే రాజ్యం చేసి, 1185లో ఇరవై మూడేళ్ళకే పోయాడు. హెలియన్ మొదటి చోట నిలబడే నాలుగో చోట ఉన్నవాణ్ణి కొట్టగలదు, ఐరన్ స్వాన్ అన్న దెబ్బతో. వెనక దాక్కుని మనవాళ్ళ మనసు విరిచేవాళ్ళ కోసం ఆమెను ఉంచుకో. ప్లేగ్ డాక్టర్ బ్లైండింగ్ గ్యాస్ విసిరితే వెనక ఉన్న ఇద్దరు శత్రువులూ ఒకేసారి స్టన్ అయి కదల్లేకపోతారు. మొదటి పది వారాల్లో అంత సాయం ఇంకెవరూ చెయ్యరు. ఆ పక్షి ముక్కు ముసుగు పదిహేడో శతాబ్దంలో యూరప్‌లో ప్లేగు వైద్యులు నిజంగా పెట్టుకున్నదే, ముక్కులో మూలికలు నింపుకునేవారు. 2021లో మావయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తల నుంచి కాలి దాకా కప్పుకున్న ఒక నర్సు అద్దం వెనక నుంచి చెయ్యి ఊపి "బాగానే ఉన్నారమ్మా" అని సైగ చేసింది. అప్పటి నుంచి ప్లేగ్ డాక్టర్‌ని ఎప్పుడూ చావనివ్వలేదు నేను.

అకల్టిస్ట్ గురించి ఒక హెచ్చరిక. అతని వైద్యం ఒకసారి ప్రాణం నింపేస్తుంది, ఇంకోసారి సున్నా ఇచ్చి పైగా రక్తం కారేలా చేస్తుంది. నమ్ముకుంటే పక్కన ఇంకొకరు కూడా ఉండాలి.

ఇప్పుడు నాయనమ్మ సంగతి. నేను ఉత్తరం మొదలుపెట్టింది దీని కోసమే.

మా నాయనమ్మ, అంటే తాతయ్య వాళ్ళమ్మ, నువ్వు పుట్టకముందే పోయింది. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నుదుటి మీద తడిగుడ్డ వేసి తెల్లవార్లూ కూర్చునేది. అందుకని నా ఆటలో మొదటి వెస్టల్ బండి దిగగానే ఆమె పేరు పెట్టాను. నువ్వు చేసిందే నేనూ చేశాను నాన్నా.

వెస్టల్ నాలుగో చోట నిలబడి ఒకరికి కావాలంటే ఒకరికి, అందరికీ కావాలంటే అందరికీ ప్రాణం పోస్తుంది. ఆమె ఉంటే ఎవరూ పోరన్న ధైర్యం వచ్చేసింది నాకు. ప్రతి వారం ఆమెనే పంపాను. డిస్మాస్‌ను తాగడానికి సత్రానికి పంపేదాన్ని, రేనాల్డ్‌ను ప్రార్థనకు మఠానికి పంపేదాన్ని. ఆమె వంతు వచ్చేసరికి, ఈ వారం స్కిల్స్ పెంచే గిల్డ్‌కి డబ్బు పెడదాం, వచ్చే వారం పంపుదాం అనుకునేదాన్ని. ఆమె స్కిల్స్ అన్నీ పెంచాను. ఒక్క వారం విశ్రాంతి ఇవ్వలేదు.

ప్రతి హీరో ప్రాణం గీత కింద చిన్న గడులు పది ఉంటాయి, చూశావు కదా. స్ట్రెస్ పెరిగేకొద్దీ అవి నిండుతాయి. వందకు చేరితే మనసుకు పరీక్ష. మామూలుగా నలుగురిలో ఒకరే గట్టిపడి నిలబడతారు, మిగతావాళ్ళు విరిగిపోతారు. రెండు వందలకు చేరితే గుండెపోటు.

ఆ రోజు రూయిన్స్ అనే శిథిలాల్లో ఉన్నాం. తొంభై శాతం గదులు చూస్తే పని పూర్తవుతుంది. ఇంకొక్క గది మిగిలింది. కట్టెలు అప్పటికే అయిపోయాయి, కాగడా సన్నగా ఉంది. నాయనమ్మకు నూటయాభై దాటింది, హోప్‌లెస్ అయిపోయింది. ఆశలేని మాటలు అంటోంది, అవి విని పక్కవాళ్ళ గడులూ నిండుతున్నాయి. వెనక్కి వచ్చేసే బటన్ కళ్ళ ముందే ఉంది. నొక్కితే నలుగురూ ప్రాణాలతో ఇంటికొస్తారు, కొంచెం స్ట్రెస్ పెరుగుతుంది, బహుమతి పోతుంది, అంతే. ఇంకొక్క గదే కదా అనుకున్నాను. రాత్రి రెండు దాటింది, పొద్దున ఆఫీసుంది. అది కూడా ఇంకొక్క గదే కదా అనుకునే కూర్చున్నాను.

ఆ గదిలో నలుగురు అస్థిపంజరాలు. బాణం ఒకటి తగిలి నాయనమ్మ డెత్స్ డోర్ దగ్గరికి, అంటే చావు గుమ్మం దాకా, వచ్చింది. అక్కడ కూడా ఒక్కో దెబ్బకు బతికే అవకాశం 67 శాతం. ఇంకో బాణం తగిలినా నిలబడింది. ఆమె వంతు వస్తే తనకు తానే ప్రాణం పోసుకునేది. ఈలోగా ఆ అస్థిపంజరాల్లో ఒకడు, బోన్ కోర్టియర్, చేతిలో గ్లాసు ఎత్తి విసిరాడు. ఆ దెబ్బకు ఒంటికి తగిలే గాయం ఏమంత కాదు, మనసుకే తగులుతుంది. రెండు వందలు నిండాయి. మామూలుగా అయితే గుండెపోటు వచ్చినవాళ్ళు డెత్స్ డోర్ దాకా పడిపోతారు, ఆ తర్వాత బతికించుకోవచ్చు. ముందే అక్కడ ఉన్నవాళ్ళకు ఇంకో అవకాశం ఉండదు.

కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను. మళ్ళీ పెట్టి చూస్తే ఊరి శ్మశానంలో ఆమె పేరు ఉంది, ఎలా పోయిందో పక్కనే రాసి ఉంది. 2004లో మా నాయనమ్మ నిజంగా పోయింది కూడా గుండెపోటుతోనే. మూడు రోజులు ఛాతీ పట్టేసినట్టుందని అంటూనే, "గ్యాస్ అయ్యుంటుంది, నాకేం కాదు" అని, మా చిన్నత్త పెళ్ళి వంటలన్నీ దగ్గరుండి చేయించింది. బయటి మనుషులకు గడులు ఉండవు చిన్నా, మాకు కనిపించలేదు. ఆటలో కనిపించాయి. చూస్తూ కూడా పంపాను.

నన్ను ఇంకా కాల్చేది ఒకటుంది. నా దగ్గర జెస్టర్ ఉన్నాడు. వీణలాంటిది పట్టుకుని వాయిస్తే పక్కవాళ్ళ స్ట్రెస్ తగ్గుతుంది, అతని పనే అది. ఆటలూ పాటలూ యుద్ధంలో ఎందుకని ఎనిమిది వారాలు ఊళ్ళోనే కూర్చోబెట్టాను. అతనొక్కడు నాయనమ్మ పక్కన మూడో చోట నిలబడి ఉంటే ఆమె ఆ గది దాకా ఆ స్థితిలో వచ్చేది కాదు. హౌండ్‌మాస్టర్ కుక్క అరుపుతో చేసేదీ, క్రూసేడర్ ఇన్‌స్పైరింగ్ క్రైతో చేసేదీ అదే. ప్రతి గుంపులో ప్రాణం పోసేవాళ్ళు ఒకరు, మనసు నిలబెట్టేవాళ్ళు ఒకరు ఉండి తీరాలి. ఇది నువ్వు వినకపోతే నాకు నిజంగా కోపం వస్తుంది. ఎంతసేపూ దెబ్బ ఎంత పడిందన్న లెక్కే చూస్తావు నువ్వు, చిన్నప్పుడు క్రికెట్‌లోనూ అంతే, సిక్స్ తప్ప పరుగు తీసేవాడివి కాదు.

మిగతావాళ్ళ గురించి ఎక్కువ రాయను. బౌంటీ హంటర్, ఆర్బలెస్ట్ గుర్తు పెట్టిన శత్రువును కొట్టడంలో దిట్టలు, ఇద్దరినీ కలిపి పంపు. గ్రేవ్ రాబర్ చోటు మారుతూ ఉంటేనే బాగుంటుంది. ఫ్లాజెలెంట్ చావు దగ్గర పడేకొద్దీ బలపడతాడు, 1349లో ప్లేగు రోజుల్లో తమను తామే కొరడాతో కొట్టుకుంటూ ఊళ్ళు తిరిగినవాళ్ళ రూపం అది. నాకు అతణ్ణి చూడాలంటేనే కష్టం. అబామినేషన్‌ని మాత్రం ఆదరించు. మృగంగా మారినప్పుడల్లా పక్కవాళ్ళు భయపడతారు, కానీ సంకెళ్ళు వేసుకుని తిరిగే ఆ మనిషి అంత మెత్తనివాడు ఆ ఊళ్ళో లేడు. ఆంటిక్వేరియన్ ఉంటే సంచిలో బంగారం ఎక్కువ పడుతుంది, పోరాటంలో బలహీనం. నాలుగు డబ్బుల కోసం ఒక మంచి మనిషి చోటు వదులుకోవడం నాకు ఇష్టం ఉండదు.

చివరి డంజన్ దగ్గరికి వెళ్ళేముందు చాలామందిని పెంచుకో. అక్కడ నాలుగు పనులు ఉంటాయి. నువ్వు ఎంచుకున్న డార్కెస్ట్ మోడ్‌లో ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ రామంటారు, కాబట్టి పదహారు మంది కావాలి. నలుగురైదుగురు ఇష్టమైనవాళ్ళతోనే ఆడేస్తానంటే కుదరదు. ఇంకో మాట, ఇది చెప్పకూడదు కానీ చెప్తున్నాను. అన్నిటికంటే చివరి యుద్ధంలో, ఎవరు చావాలో నువ్వే ఎంచమని ఆట నిన్ను అడుగుతుంది. రెండుసార్లు అడుగుతుంది. తప్పించుకోలేవు. నేను డిస్మాస్‌ను ఇచ్చాను, ఒక హెలియన్‌ను ఇచ్చాను. వాళ్ళకు మనవాళ్ళ పేర్లు లేవు కాబట్టి నొక్కగలిగాను.

నా పేరు ఉంచుకో, పరవాలేదు. వెస్టల్‌గా నన్ను ఎక్కడికి తీసుకెళ్ళినా వస్తాను. గడులు సగం నిండగానే మఠానికి పంపు, అంతే. నువ్వూ రాత్రి ఒంటిగంటకల్లా పడుకో. హాస్టల్లో నువ్వెలా నిద్రపోతావో మీ అమ్మకు తెలియకపోయినా నాకు తెలుసు.

తాతయ్య పేరు మాత్రం మార్చు. నువ్వు ఎందుకు పెట్టావో నాకు తెలుసు. పక్కవాడికి పడే దెబ్బకు అడ్డం నిలబడే క్లాస్ అది. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి ఇంట్లో అందరికీ అలాగే అడ్డం నిలబడ్డాడు. ఆ ముసలి సిపాయిని చూస్తే నాకూ ఆయనే గుర్తొస్తాడు. కానీ పోయిన దసరాకు స్టెంట్ వేయించుకునేముందు ఆయన కూడా నాలుగు రోజులు "గ్యాసేనమ్మా" అన్నాడు. నువ్వు ఆడుతుంటే ఏదో ఒక రాత్రి ఆ గీత కింద గడులు నిండుతాయి, తెర మీద హార్ట్ అటాక్ అన్న రెండు పదాలు ఆయన పేరు పక్కన వస్తాయి. నువ్వు తట్టుకుంటావేమో, నేను వినలేను. ఊళ్ళో ఉన్నప్పుడు అతని పేజీ తెరిచి, పేరు మీద నొక్కితే మార్చుకోవచ్చు. మారుస్తూ మారుస్తూ ఒకసారి తాతయ్యకు నిజం ఫోన్ చెయ్యి, మాత్రలు వేసుకున్నాడో లేదో అడుగు. నేనడిగితే వేసుకున్నానంటాడు, నువ్వడిగితే నిజం చెప్తాడు.

కొత్త పేరు ఏం పెట్టావో రాత్రికి మెసేజ్ పెట్టు.

అత్త