చాంబర్ మీద ఇంజన్ కూర్చోకూడదు: పాత కారు భాగాల పార్సిల్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ఇంజన్లు, గేర్‌బాక్సులు, హెడ్‌లు (ఇంజన్ సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగాలు) పార్సిల్‌లో వేయడం గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో పాత డీజిల్ ఇంజన్ గేర్‌బాక్స్‌తో సహా కొన్నాను. పలాసకు లారీ పార్సిల్‌లో తెప్పించుకోవాలి. కిందటిసారి ఇలాగే తెప్పించిన ఇంజన్ చాంబర్ సొట్టపడి వచ్చింది. రెండు నెలలకే బేరింగులు పట్టేశాయి. ఈ రెంటికీ సంబంధం ఉందా? ఈసారి ఎలా కట్టించాలి?
ఒక పాఠకుడు, పలాస

జవాబు: కచ్చితంగా ఉండొచ్చు. మెకానిక్‌లు చాంబర్ అని పిలిచే ఆయిల్ సంప్ చాలా కార్లకు పల్చటి రేకే. ఆయిల్ పంపు నూనె పీల్చుకునే జాలీ ఆ రేకుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఇంజన్ బరువంతా దాని మీద పడితే రేకు లోపలికి నొక్కుకుని జాలీని మూసేస్తుంది. పంపుకు నూనె చాలదు, ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు ఎండిపోతాయి. బయటికి కనిపించేది చిన్న సొట్టే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సొట్టపడిన చాంబర్‌తో ఏ ఇంజన్ వచ్చినా, స్టార్ట్ చేయకముందే చాంబర్ విప్పి జాలీ చూడండి. అల్యూమినియం చాంబరైతే సొట్ట పడదు, పగులుతుంది.

కట్టేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒకటే: కారులో ఇంజన్ ఎక్కడ ఆనుకుని నిలబడిందో, చెక్క మీద కూడా అక్కడే ఆనుకోవాలి. అంటే ఫౌండేషన్ బ్రాకెట్ల మీద. ఇంజన్‌తో పాటు ఫౌండేషన్ బ్రాకెట్లు కూడా అడిగి తీసుకోండి. విడిగా అమ్ముకుందామని చాలామంది వాటిని ముందే విప్పేస్తారు.

అడుగు చట్రానికి నాలుగంగుళాల ఎత్తున్న దుంగలు మూడు, వాటి మీద అంగుళం మందం పలకలు వేయించండి. ఆ ఎత్తు ఎందుకంటే, గోడౌన్లలో తిరిగే హ్యాండ్ పాలెట్ ట్రక్కు ఫోర్కులు పూర్తిగా దించినా దాదాపు 85 మిల్లీమీటర్లు ఉంటాయి. అవి దూరే సందు లేకపోతే ఇంజన్‌ను గడ్డపారతో పెకలిస్తారు. పలకల మీద బ్రాకెట్ల కింద చెక్క దిమ్మలు పేర్చి, చాంబర్‌కూ పలకకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ వదలాలి. దిమ్మలను, బ్రాకెట్లను 10 లేదా 12 మిల్లీమీటర్ల బోల్టులతో, అడుగున వెడల్పాటి వాషర్లు వేసి, పలక కిందిదాకా బిగించాలి. ఇక్కడ మేకులు పనికిరావు. లారీ అదురుకు మేకు మెల్లగా పైకి లేస్తుంది. బోల్టు అలా రాదు.

గేర్‌బాక్స్ కలిసే ఉంటే దాని కింద మరో దిమ్మ తప్పనిసరి. లేకపోతే ఆ బరువంతా బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపే తొడుగు) చెవుల మీద వేలాడుతుంది. అవి అల్యూమినియం పోత, ఒక్క గుంతకు విరుగుతాయి. గేర్‌బాక్స్ విడదీసి వేరే చట్రం మీద పంపగలిగితే అదే మేలు. రెండూ కలిస్తే 150 నుంచి 200 కిలోల దాకా తూగుతాయి, బరువు ఇంజన్ వైపే మొగ్గుతుంది, దించేటప్పుడు ఒరిగిపోతుంది.

బోల్టులయ్యాక రెండు రాట్చెట్ బెల్టులు అడ్డంగా వేయించండి. బెల్టు బ్లాక్ పోత మీదుగానే పోవాలి. ఇన్‌టేక్ మేనిఫోల్డ్ ప్లాస్టిక్ మీదా, డీజిల్ పైపుల మీదా, వైరింగ్ మీదా కాదు. బెల్టు తగిలే అంచుల్లో పాత టైరు ముక్క పెట్టండి, బెల్టు కోసుకుపోదు. సాయంత్రం బిగించిన బెల్టు తెల్లారేసరికి కాస్త వదులవుతుంది, కాబట్టి లారీ ఎక్కించే ముందు మరోసారి లాగాలి.

థర్మాకోల్, బబుల్ షీటు ఈ బరువుకు దండగ. ఒకటి పొడైపోతుంది, ఇంకోదాని బుడగలు మొదటి గంటలోనే పగులుతాయి. ఆ వదిలిన సందులో ఇంజన్ ఊగడం మొదలుపెడుతుంది. దెబ్బ తగిలి విరిగేవాటికన్నా ఇలా ఊగి ఊగి విరిగేవే ఎక్కువ. ఊక, రంపపు పొట్టు, ఎండుగడ్డి అసలు వాడొద్దు. టర్బో నోట్లో, ఇంజెక్టర్ రంధ్రాల్లో దూరితే తీయడం ఎవరి తరమూ కాదు. తెరిచి ఉన్న ప్రతి రంధ్రానికీ రబ్బరు బిరడా గానీ, రేకు ముక్క పెట్టి బోల్టు గానీ వేయించండి. గుడ్డ కుక్కితే అది లోపలే మరిచిపోతారు.

చుట్టూ పెట్టె కట్టించినా, ఊచల చట్రం వేసినా, పైభాగం చదునుగా ఉంచకండి. చదునుగా కనిపిస్తే దాని మీద ఇంకో పార్సిల్ ఎక్కుతుంది. రెండు రీపర్లను ఇంటి కప్పులా వాలుగా బిగిస్తే చాలు. నాలుగు వైపులా బరువు ఎన్ని కిలోలో పెద్ద అంకెల్లో రాయించండి. ఎత్తబోయే హమాలీకి బరువు ముందే తెలియాలి. అది తెలియకే వేళ్లు నలుగుతాయి, నడుములు పడిపోతాయి.

ప్రశ్న: గేర్‌బాక్స్ నుంచి నూనె కారి పక్కవారి బట్టల మూట పాడైంది. డబ్బు కట్టమంటున్నారు. డ్రెయిన్ బోల్టు విప్పి నూనె మొత్తం తీసే పంపాము. మళ్లీ ఎలా కారింది?
ఒక దుకాణదారు, కడప

జవాబు: డ్రెయిన్ బోల్టు విప్పితే వచ్చేది అడుగున చేరిన నూనె మాత్రమే. గేర్ల సందుల్లో, బేరింగు గూళ్లలో, డిఫరెన్షియల్‌లో మిగిలింది తర్వాత మెల్లగా దిగుతుంది. ముందు చక్రాలను తిప్పే కార్ల గేర్‌బాక్సుకు రెండు పక్కలా డ్రైవ్ షాఫ్టులు దూరే రంధ్రాలుంటాయి. షాఫ్టులు లాగేశాక అవి తెరిచే ఉంటాయి. పార్సిల్ పక్కకు ఒరగ్గానే కారేది అక్కడినుంచే.

నూనె తీశాక ఒక రాత్రంతా డ్రెయిన్ రంధ్రం కిందికి ఉండేలా వాల్చి ఉంచండి. మర్నాడు ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పి, రెండు పక్కలకూ ఒకసారి ఒరిగించి మళ్లీ వంపండి. తర్వాత బోల్టు బిగించి, షాఫ్టు రంధ్రాల్లో సరిపోయే ప్లాస్టిక్ బిరడాలు కొట్టండి. పాత డ్రైవ్ షాఫ్టు లోపలి ముక్క దొరికితే అదే అన్నిటికన్నా గట్టి బిరడా. పైన ఉండే గాలి గొట్టం రంధ్రాన్ని కూడా మరవొద్దు. అంతా అయ్యాక మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, అడుగున నూనె పీల్చే గోనె గుడ్డ నాలుగు మడతలు వేయండి. ఇంజన్‌కు కూడా ఇదే పద్ధతి. దానికి నూనెతో పాటు బ్లాక్‌లో నిలిచిన కూలెంట్ నీరు కూడా తీయాలి.

ప్రశ్న: హెడ్, క్రాంక్ షాఫ్టు అట్టపెట్టెలో పంపవచ్చా? వరంగల్ నుంచి ఆదిలాబాద్‌కు బస్ కార్గోలో వేయాలి.
ఒక మెకానిక్, వరంగల్

జవాబు: హెడ్‌ను పంపవచ్చు, కానీ నేరుగా కాదు. క్యామ్ షాఫ్టు బిగించి ఉన్న హెడ్‌లో ఎప్పుడూ కొన్ని వాల్వులు తెరుచుకుని, బ్లాక్‌కు ఆనే నున్నటి ముఖం కన్నా బయటికి పొడుచుకుని ఉంటాయి. హెడ్‌ను ఆ ముఖం మీద కూర్చోబెడితే బరువంతా వాల్వుల తలల మీదే. వాల్వు వంగితే బయటికి తెలియదు, బిగించాక కంప్రెషన్ రాదు. క్యామ్ విప్పి పంపడం ఉత్తమం. క్యామ్‌ను పట్టి ఉంచే టోపీలకు వరుస నంబర్లు వేసి, ఒక్కో బోల్టునూ కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒకవైపు ముందే విప్పేస్తే స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ విరగొచ్చు. విప్పడం కుదరకపోతే ముఖం అంచుల వెంట అంగుళం మందం రీపర్లు రెండు పెట్టి, వాటి కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి, హెడ్ బోల్టుల రంధ్రాల్లోంచి పొడవాటి బోల్టులతో బిగించండి. వాల్వులు గాల్లో ఉంటాయి, ముఖానికి గీత పడదు. సిలిండర్ అంచు నుంచి నీటి రంధ్రం దాకా ఒక్క గీత పడితే చాలు, గాస్కెట్ అక్కడే కారుతుంది. ఇలా కట్టిన హెడ్‌ను ఏడు పొరల అట్టపెట్టెలో, నాలుగు పక్కలా సందు లేకుండా అట్టముక్కలు బిగించి పంపండి. ఒక పెట్టె 20 కిలోలు దాటకూడదు. దాటితే చెక్కపెట్టే.

క్రాంక్‌కు మొదటినుంచీ చెక్కపెట్టే కావాలి. రెండు చివర్ల మీద ఆనితే మధ్యలో వంగే ప్రమాదం ఉంది. మెయిన్ జర్నళ్లలో (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల్లో) కనీసం మూడింటి కింద గాడి కోసిన దిమ్మలు పెట్టి, పైనుంచి అలాంటివే మూసి బిగించండి. జర్నళ్లకు గ్రీజు పూసి, తుప్పు పట్టనివ్వని కాగితం గానీ మైనపు కాగితం గానీ చుట్టండి. వార్తాపత్రిక నేరుగా చుట్టొద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలంలో రెండు రోజుల్లో జర్నల్ మీద మచ్చ పడటానికి అదే చాలు.

ప్రశ్న: వాడని ఎయిర్‌బ్యాగ్, పాత బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు మిగతా సామానుతో కలిపి పంపవచ్చా?
ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. పేలని ఎయిర్‌బ్యాగ్‌లో మందు ఉంటుంది. సీటు బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌లోనూ అంతే. ఇవి ప్రమాదకర సరుకుల కిందికి వస్తాయి, మామూలు పార్సిల్‌లో దాచి పంపితే మోసేవారి ప్రాణం మీదికి తెస్తాయి. బ్యాటరీ ఒరిగితే ఆసిడ్ కారుతుంది. దాన్ని అక్కడే బ్యాటరీ దుకాణానికి ఇచ్చేయండి. ట్యాంకు ఖాళీ అయినంత మాత్రాన సురక్షితం కాదు. అడుగున మిగిలిన పెట్రోల్ ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. నీటితో కడిగి, మూత తీసి పూర్తిగా ఆరబెట్టాకే పంపాలి.

ప్రశ్న: 45,000 రూపాయల ఇంజన్ పగిలి వచ్చింది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అడిగితే ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ (నష్టమొస్తే సరుకు యజమానిదే) అని చూపించి పొమ్మన్నారు. అంతేనా?
ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఆ మాట ఒక్కటి ముద్రించినంత మాత్రాన వారి బాధ్యత తీరిపోదు. రోడ్డు రవాణాకు 2007 నాటి చట్టం, దాని కింద 2011 నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం ఎక్కువ విలువ ప్రకటించి అదనపు రిస్క్ రేటు కట్టనప్పుడు, వారి బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. మీరు రాసిన సరుకు విలువను అది దాటదు. మీరు కట్టిన కిరాయి 600 రూపాయలైతే మీకు దక్కేది గరిష్ఠంగా 6,000. అందుకే బుకింగ్ రోజే ఫారంలో అసలు విలువ రాసి, రిస్క్ రేటు ఎంతో అడిగి కట్టడం మంచిది. కిరాయి తగ్గుతుందని 2,000 అని రాస్తే నష్టపోయేది మీరే.

మీరు ఇప్పుడు చేయవలసింది రాతపూర్వక నోటీసు ఇవ్వడం. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా అది వారికి అందాలి. అది లేకుండా కోర్టులో దావా వేయడానికి వీలుండదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇకపై డెలివరీ తీసుకునేటప్పుడు పెట్టె పగిలి కనిపిస్తే, సంతకం పెట్టే ముందు వారి కాపీ మీదే ‘పగిలి వచ్చింది’ అని రాయండి. కట్టక ముందు, కట్టాక, ఎక్కించేటప్పుడు ఫొటోలు తీసుకోండి. ఇంజన్ నంబరు స్పష్టంగా కనిపించే ఫొటో ఒకటి అందులో ఉండాలి. పాత సామాను బిల్లు మీద కూడా ఆ నంబరు రాయించుకోండి. కారుకు ఇంజన్ మార్చాక ఆర్టీఓకు తెలిపేటప్పుడు అదే అక్కరకొస్తుంది. ముందస్తు అనుమతి లేకుండా మార్చినట్లయితే 14 రోజుల్లో తెలపాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా ఉండాలి.

ప్రశ్న: నా దగ్గర పాత ఫియట్ 1100 ఉంది. ప్రీమియర్ పద్మిని గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ హైదరాబాద్ నుంచి ఓడలో తెప్పించుకోవాలని ఉంది. ఏం జాగ్రత్తలు?
ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: పద్మిని కూడా ఫియట్ 1100 వంశంలోదే. అయినా కొనేముందు మౌంటింగ్ రంధ్రాలు కొలిపించి చూడండి. ఆస్ట్రేలియాలో ఇబ్బంది పెట్టేవి మూడు. మొదటిది మట్టి. యాక్సిల్ గొట్టం మీద ఎండిన బురద, పాత గ్రీజులో అతుక్కున్న గడ్డిపోచ కనిపించినా అక్కడి జీవభద్రతా అధికారులు ఆపేస్తారు, కడిగించే ఖర్చు మీదే. డీజిల్‌తో కడిగి, నీటి జెట్ కొట్టించి, ఇనుప బ్రష్‌తో మూలలు రుద్దించాలి. రెండోది చెక్క. ముడి చెక్కతో పెట్టె కడితే, చెక్క నడిమి భాగం 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉండేలా వేడి చేసి, గోధుమ కంకి గుర్తున్న ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం) ముద్ర వేయించాలి. ప్లైవుడ్ పెట్టెకు ఈ బాధ లేదు, కానీ దాని కింది దుంగలు ముడి చెక్కవైతే వాటికి ముద్ర కావాలి. ఇక్కడే చాలామంది దొరికిపోతారు.

మూడోది ఆస్బెస్టాస్. 2003 డిసెంబరు 31 నుంచి ఆస్ట్రేలియాలోకి ఆస్బెస్టాస్ ఉన్న ఏ వస్తువునూ రానివ్వరు. పద్మిని కాలపు బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లలో అది ఉండే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి యాక్సిల్‌తో పాటు వచ్చే బ్రేక్ షూలను, గేర్‌బాక్స్ కాగితపు గాస్కెట్లను హైదరాబాద్‌లోనే తీయించేయండి. తీసేటప్పుడు పొడిగా గీకొద్దని, గాలి పైపు కొట్టొద్దని, తడిపి తీయమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. ఆ దుమ్ము పీల్చేది అతనే. కొత్త లైనింగులు, గాస్కెట్లు మెల్‌బోర్న్‌లోనే కొనుక్కోండి.