పాలియేటివ్ అని రాస్తే ఆశ వదులుకున్నట్టా?

ప్రశ్న: అమ్మా, మాది నల్లగొండ జిల్లా హాలియా. మా నాయనకు 63 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. పోయినసారి డాక్టరు గారు చీటీ మీద వచ్చే కీమో తేదీ వేసి, దాని కిందే ‘పాలియేటివ్ విభాగంలో చూపించండి’ అని రాశారు. ఇక లాభం లేదన్నవాళ్లనే అక్కడికి పంపుతారు, వెళ్లొద్దని మా చిన్నాన్న పట్టుబట్టాడు. మా బావ ఫోనులో చదివి, పాలియేటివ్ అన్నా హాస్పిస్ అన్నా ఒకటే, అందులో చేరితే కీమో ఆపేస్తారని అంటున్నాడు. నాయన రాత్రంతా నడుము నొప్పితో మూలుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఆ చీటీని మరోసారి చూడండి. కీమో తేదీ, పాలియేటివ్ మాట ఒకే కాగితం మీద ఉన్నాయి. జబ్బును అదుపు చేసే మందు, బాధను తగ్గించే మందు కలిసి నడవాలనే ఆయన అలా రాశారు.

పాలియేటివ్ కేర్‌ను మనం ఉపశమన చికిత్స అంటాం. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, మనసులోని గుబులు, చూసుకునేవాళ్ల అలసట కూడా అందులోకే వస్తాయి. పెద్ద జబ్బు బయటపడిన రోజునుంచే మొదలుపెట్టవచ్చు. హాస్పిస్ దానిలో చివరి భాగం. జబ్బు మీద చేసే చికిత్సతో మేలు కంటే కష్టమే ఎక్కువవుతోందని తేలాక, మిగిలిన రోజులు బాధ లేకుండా గడవడానికి చేసే సేవ అది. ఇంట్లోనైనా చేయవచ్చు, అందుకోసమే పెట్టిన చోటనైనా చేయవచ్చు.

మీ బావ చదివినది అమెరికా సంగతి అయి ఉంటుంది. అక్కడ మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద హాస్పిస్‌లో చేరాలంటే రోగి ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని డాక్టర్లు ధ్రువీకరించాలి, నయం చేసే చికిత్స వద్దనుకోవాలి. పాలియేటివ్‌కు అక్కడ కూడా ఆ షరతు లేదు. పైగా 2010లో అక్కడే వెలువడిన ఒక అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లకు మొదటినుంచీ మామూలు చికిత్సతోపాటు ఉపశమన చికిత్స కూడా ఇచ్చారు. వాళ్లలో సగం మంది 11.6 నెలలు దాటి బతికారు, మామూలు చికిత్స ఒక్కటే అందినవాళ్లలో సగం మంది 8.9 నెలలు దాటి బతికారు. మీ చిన్నాన్నకు ఈ మాట చెప్పండి.

ఇక మీ ఇంట్లో జరుగుతున్నదే మా ఇంట్లోనూ జరిగింది. మాది మహబూబ్‌నగర్. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. నేను ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసినదాన్ని. అయినా మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు రాస్తే మా అన్నయ్యలతోపాటు నేనూ భయపడ్డాను, మత్తుకు అలవాటుపడుతుందేమోనని. నాలుగు నెలలు అమ్మ పడుకోలేకపోయింది. గోడకు బియ్యం బస్తా ఆనించి, దాని మీద దుప్పటి పరిచి, ఒరిగి కూర్చునేది. మాత్ర మొదలుపెట్టిన మూడో రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. తెల్లవారాక జొన్న గటక, పచ్చిపులుసు కావాలని అడిగింది. ఆ నాలుగు నెలలు ఆమెకు నేను తిరిగి ఇవ్వలేను. మీరు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు నొప్పి కోసం వేసుకునే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. మామూలు మాత్ర సాధారణంగా నాలుగు గంటలకోసారి ఇస్తారు, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మలబద్ధకం తప్పదు కాబట్టి దానికి మందు మొదటిరోజే అడగండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, ఇలాంటి మందులు గుర్తింపు పొందిన ఆసుపత్రులకు తేలిగ్గా దొరికే వీలు కల్పించారు. వెన్నెముక నొప్పికి రేడియేషన్ కూడా బాగా పనిచేస్తుంది, కొందరికి ఒక్కసారి ఇస్తే చాలు. అదీ ఉపశమన చికిత్సే. మీ నాయనకు పనికొస్తుందేమో అడగండి.

ఒక్క విషయంలో మాత్రం తేదీ కోసం ఎదురుచూడవద్దు. కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెన్నుపాము నలుగుతోందేమో వెంటనే చూడాలి. ఆలస్యమైతే నడక మళ్లీ రాకపోవచ్చు.

హాస్పిస్ ఆలోచన ఇప్పుడే అవసరం లేదు. కీమోను ఒళ్లు తట్టుకోలేని రోజు వస్తే, ఇంట్లో మీ వల్ల కాకపోతే, హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది. 2011నుంచి ఉచితంగా సేవ చేస్తోంది. అప్పుడైనా ఎక్కడ ఉండాలన్నది మీ నాయననే అడగండి. అమ్మ మా ఇంట్లోనే ఉంటానంది, మేము ఉంచుకున్నాం.

ఈలోగా ఒక నోటుపుస్తకంలో నొప్పి ఎప్పుడు మొదలైంది, పదికి ఎంత ఉంది, ఏ మాత్రకు ఎంతసేపు తగ్గింది అని రాస్తూ ఉండండి. కీమో రోజునే ఆ పుస్తకం పట్టుకుని పాలియేటివ్ విభాగానికి వెళ్లండి. మీ చిన్నాన్ననూ వెంట తీసుకెళ్లండి. అక్కడి డాక్టరు చెప్పేది ఆయన తన చెవులతో వినాలి.