పొలంలో పెట్టుబడి పెట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి అల్లూరు వైపు ఇరవై ఎకరాల మాగాణి కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేయాలా, లేక కందుకూరు మెట్టలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులకు పెట్టుబడి ఇవ్వాలా అని అడుగుతూ పంపిన లెక్కల కాగితాలు రెండుసార్లు చదివాను. మొదటి దానిలో ఎకరం రాబడి నుంచి పెట్టుబడి తిరిగొచ్చే గడువు దాకా అన్నీ నిండుగా ఉన్నాయి. రెండో దానిలో సగం గళ్లు ఖాళీగా ఉండడం చూసి అది బలహీనమైన ఆలోచన అని నువ్వు అనుకున్నట్టున్నావు. ముప్పై ఏళ్లు బ్యాంకులో వ్యవసాయ రుణాల దరఖాస్తులు చూసిన నాకు మాత్రం, ఉండవలసిన గళ్లు మొదటి కాగితంలో అసలు గీయనే లేదని అనిపించింది.

తొంభైల మొదట్లో మన తీరంలో టైగర్ రొయ్య ఊపందుకున్నప్పుడు అచ్చం అలాంటి కాగితాల మీదే నేను సంతకాలు చేశాను. రొయ్య పిల్ల ఎంత, మేత ఎంత, డీజిల్ ఎంత, ఏ కౌంటుకు (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) కిలో ఎంత పలుకుతుంది అన్నవన్నీ మా ఫారంలో ఉండేవి. పక్క మడిలోకి ఊరే ఉప్పునీటికి, రుచి మారిపోయే బావినీటికి అందులో చోటు లేదు. 1994-95లో రొయ్యలకు వైట్‌స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి చెరువులు వరుసగా పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో అటువంటి రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు చెప్పింది. అప్పుల్లో మునిగిన వాళ్లను ఎందరినో చూశాను కానీ, ఈనాటికీ నన్ను బాధించేది రొయ్య జోలికి పోని పక్క రైతు. అతని మడి చౌడుబారింది. నాటిన వరి నాటినట్టే ఎండిపోయింది. ఆ నష్టం నేను సంతకం చేసిన ఏ పద్దులోనూ లేదు.

ఇప్పటి వనామీ 2009 తర్వాత నియమాలతో వచ్చిన పంట. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదన్న పరిమితి ఉంది, అనుమతులున్న చోట శ్రద్ధగా చేసేవాళ్లు బాగుపడుతున్నారు కూడా. అయితే నీ కాగితం ఆ పరిమితి అంచున నిలబడి, ఏడాదికి రెండు పంటలూ తప్పకుండా చేతికొస్తాయని అనుకుంటోంది. మేత ఖర్చే మొత్తం పెట్టుబడిలో సగానికి పైగా ఉండే సాగులో ఒక్క పంట పోతే మిగిలేది ఏమీ ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర రొయ్య రైతులు ఎంత కలవరపడ్డారో నీకు తెలుసు. ఒకే సరుకు, ఒకే పెద్ద కొనుగోలుదారు అన్న ఏర్పాటు లెక్కకు చక్కగా కనిపిస్తుంది కానీ, దెబ్బ తగిలినప్పుడు పట్టుకోవడానికి రెండో కొమ్మ ఉండదు.

తక్కువ ఖర్చుతో ఎక్కువ పండించడం తప్పని నేను అనడం లేదు. పొదలకూరు, రాపూరు నిమ్మ తోటల్లో బిందు సేద్యం నీటిని మిగిల్చింది, అటువంటి పొదుపు నేలకూ మేలే. నేను భయపడేది అసలును తింటూ దానికి వడ్డీ అని పేరు పెట్టే పొదుపుకు. మన ఒంగోలు పశువుల సంగతే చూడు. ఆ జాతి బ్రెజిల్ వెళ్లి, మన నెల్లూరు పేరు మీదనే 'నెలోర్' అని పిలిపించుకుంటూ, అక్కడి మాంసపు మందలకు ఆధారమైంది. ఇక్కడ మాత్రం ట్రాక్టరు గంటకు ఎంత దున్నుతుంది, ఎడ్ల జత ఎంత దున్నుతుంది అని పోల్చి, జతకు పెట్టే తిండి దండగని తేల్చారు. ట్రాక్టరు రుణాలు నేనూ ఇచ్చాను. దున్నకం వరకే చూస్తే ఆ పోలికలో తప్పు లేదు; కానీ ఎడ్లు తిన్న చొప్ప ఎరువు దిబ్బగా మారి చేనికి తిరిగిచ్చే సారాన్ని ఎవరూ రాసుకోలేదు. దిబ్బ పోయిన ఇంటివాళ్లు ఆ లోటును యూరియా బస్తాలతో పూడ్చుకోవలసి వచ్చింది.

కందుకూరు వైపే మొగ్గితే, ముందు మట్టి పరీక్ష చేయించు. నేల సారాన్ని చెప్పే సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అనీ, 0.75 దాటితే ఎక్కువ అనీ లెక్క. ఏటా ఒకే నెలలో అవే చోట్ల మట్టి తీయించి, ఆ అంకెను రాబడి పక్కనే రాయి. అక్కడి రైతులు 2016లో మొదలైన ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో నేర్చుకున్నవాళ్లు. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో వాటా దక్కింది. బహుమతిని చూసి డబ్బు పెట్టవద్దు. వానలకు ముందే నవధాన్యాలు పొడి విత్తనంగా చల్లి, నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచుతున్నారా, జీవామృతం (పేడ, మూత్రం, బెల్లంతో చేసే ద్రావణం) కలిపే ఆడవాళ్ల శ్రమకు కూలి కడుతున్నారా అన్నవి నువ్వే వెళ్లి చూడాలి. మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గవచ్చు. 'మందుల్లేని పంట' అని ఎక్కువ ధర వస్తుందన్న ఆశ లెక్కలో కలపవద్దు. మామూలు ధరకే నిలబడుతుందో లేదో చూడు.

అన్నిటికంటే ముఖ్యం గడువు. నువ్వు డబ్బిచ్చే రైతు కౌలుదారైతే, ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) కింద అతనికి ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. పదకొండు నెలల్లో లేచిపోవలసిన మనిషి నేలకు ఎరువు తోలడు, గట్టు మీద చెట్టు నాటడు. మూడేళ్లలో రెట్టింపు కోరే డబ్బు కూడా అలాగే ప్రవర్తిస్తుంది. అందుకని భూయజమానిని కూర్చోబెట్టి, వకీలు సలహాతో కనీసం ఐదేళ్లు కౌలు కొనసాగేలా రాయించు. మొదటి రెండేళ్లు వాయిదాలు అడగవద్దు. ఆ తరువాత పంట అమ్మాక దిగుబడిలో వాటాగా తీసుకో, వాన తప్పిన ఏడు అదీ వదులుకునేంత మొత్తం విడిగా ఉంచు. అంత ఓపిక మీ నలుగురి డబ్బుకూ లేకపోతే, ఓపిక ఉన్నవాడి డబ్బు మాత్రమే పెట్టండి, ఎకరాలు తగ్గించండి.

మెట్ట దుక్కులు మొదలయ్యేలోపు ఒక ఆదివారం రా. ఇద్దరం కలిసి చేలో తిరిగి, మట్టి మన చేతులతోనే తీసి సంచుల్లో కడదాం.

నీ మామయ్య