గీత అడ్డంగా పోతోందంటే

ప్రశ్న: మా మనవరాలికి ఏడాదిన్నర. కొడుకు, కోడలు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయారు, పాప నా దగ్గరే ఉంటోంది. మూడు నెలలుగా బరువు 7 కిలోల 900 గ్రాముల దగ్గరే ఆగిందని అంగన్‌వాడీ టీచర్ అంటోంది. పాప మాత్రం హుషారుగానే నడుస్తోంది, ఆడుకుంటోంది. టెన్షన్ పడాలా?
– ఒక నాయనమ్మ, కల్వకుర్తి

జవాబు: అమ్మా, టీచర్ మాట వినండి. ఈ వయసు ఆడపిల్ల 10 కిలోలకు అటూఇటూగా ఉండాలి. 8 కిలోల 100 గ్రాములకు తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. అంతకన్నా నాకు బెంగ పుట్టించింది ఆ మూడు నెలల మాట. సన్నగా పుట్టిన పిల్లకైనా, అంగన్‌వాడీలో బరువు గుర్తుపెట్టే కార్డు మీద గీత నెలనెలా పైకి పోవాలి. అడ్డంగా పోతోందంటే తిండి చాలట్లేదు, లేదా ఒంట్లో ఏదో ఉంది. హుషారుగా ఉన్న పిల్లల్లోనూ ఇది జరుగుతుంది.

ముందు మీరు దగ్గరుండి మళ్లీ తూయించండి. నేను దేవరకొండ వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఒక బాబు బరువు రెండు నెలలు బాగానే రాసి ఉంది. మూడో నెల నేనే తూచాను. స్వెటర్, కాళ్ల కడియాలు, వెండి మొలతాడు తీసి ఉయ్యాల సంచిలో కూర్చోబెడితే ముల్లు బాగా వెనక్కి వచ్చింది. అప్పటికే రెండు నెలలు చేజారాయి. ఆ బాబు ముఖం ఇప్పటికీ గుర్తుంది.

టీచర్ దగ్గర రంగుల టేపు ఉంటుంది. దాంతో పాప జబ్బ కొలిపించండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువొచ్చి ఎరుపు చూపినా, రెండు పాదాలకూ వాపు ఉన్నా ఆ రోజే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకుపోండి. అక్కడి నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. పాపతోపాటు మీరూ సుమారు రెండు వారాలు అక్కడే ఉండాలి. కూలి పోతుందని వెనకాడొద్దు. టేపు ఎరుపు చూపకపోయినా ఈ వారంలో డాక్టర్‌కు ఒకసారి చూపించండి. దగ్గు, విరేచనాలు, నులిపురుగులు ఉన్నా బరువు ఆగిపోతుంది.

ఇక తిండి. చాయ్‌లో రస్కు ముంచి పెడుతుంటే మానేయండి. కడుపు నిండుతుంది కానీ బలం రాదు, పైగా చాయ్ రక్తం పట్టనివ్వదు. మెత్తటి పప్పన్నంలో చెంచాడు నూనె గానీ నెయ్యి గానీ కలపండి, రోజూ ఒక గుడ్డు పెట్టండి. పల్లీలు మెత్తగా పొడి కొట్టి అన్నంలో కలపండి, గింజలుగా మాత్రం ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. రోజుకు ఐదుసార్లు, కొంచెం కొంచెంగా. అంగన్‌వాడీలో నెలకిచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి పూర్తిగా పాపదే, ఇంటిల్లిపాదికీ పంచకండి.

కార్డు ఫోటో తీసి కోడలికి పంపండి. వచ్చే నెల తూచాక ఎంత వచ్చిందో నాకు రాయండి.