టమాటా సప్లై మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

బుజ్జమ్మా,

మదనపల్లె చుట్టుపక్కల రైతుల దగ్గర టమాటా కొని బెంగళూరులో కూరగాయలు ఇంటికి చేర్చే యాప్ కంపెనీలకు సప్లై చేస్తానన్నావట. అక్క టెన్షన్ పడుతోంది కానీ నాకు మాత్రం సంతోషంగా ఉంది. నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. ఫోన్లో చెబితే సగం మాటలు పోతాయని రాస్తున్నా.

మొదటి పేజీలోనే "దళారీని తీసేస్తాం" అని రాశావు. జనం టమాటాకి పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలేనని 2024లో రిజర్వ్ బ్యాంకు పరిశోధన పత్రంలో వచ్చిన లెక్క కూడా పెట్టావు. లెక్క నిజమే. కానీ మిగతా 67 పైసలూ ఒక్కడి జేబులోకి పోవు కదా, లారీ కిరాయి, హమాలీ, కమీషన్, దారిలో చితికిన కాయ, చివర్లో కొట్టువాడి అద్దె, అన్నీ అందులోనే. మండీ యజమానిని తీసేస్తే అతను చేసే పనులు ఎవరు చేస్తారో నీ ప్లానులో ఎక్కడా లేదు. నారుకీ, మొక్కల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీటుకీ, మొక్కలకి ఊతంగా పాతే కట్టెలకీ రైతుకి అడ్వాన్సు ఇచ్చేది అతనే. ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వస్తే సర్దేదీ అతనే. తెచ్చిన సరుకంతా, మచ్చ కాయతో సహా, వేలంలో పెట్టి ఆ రోజే ఏదో ఒక ధరకి వదిలిస్తాడు. కొన్ని మండీల్లో 'జాక్‌పాట్' అని చెప్పి వందకి ఇన్ని క్రేట్లని ఊరికే లాగేసుకోవడం ఉంది, అది పచ్చి అన్యాయం, దాన్ని నేను ఏనాడూ సమర్థించను. అయినా రైతు మళ్లీ అక్కడికే ఎందుకు పోతున్నాడో తెలుసుకోకుండా కిలోకి రెండు రూపాయలు ఎక్కువిస్తానంటే నీ దగ్గరికి రాడు. వచ్చినా పాత బాకీ ఉన్నంతకాలం మంచి కాయ అక్కడికి, మిగిలింది నీకు.

ఇక డబ్బు సంగతి. ఉదాహరణకి రోజుకి ఒక టన్ను, కిలో 20కి కొన్నావనుకో, 20,000. కోత దగ్గర గ్రేడింగ్ కూలి, బండి కిరాయి కలిపి 3,500. కంపెనీ 27 ఇస్తానంది, బాగానే ఉంది, కానీ వాళ్లు 850 కిలోలే తీసుకుని 150 వెనక్కి కొట్టారు. 22,950 వచ్చింది. వెనక్కి వచ్చింది కిలో 8కి అమ్మితే 1,200. నీకు మిగిలేది 650 రూపాయలు. అదే 250 కిలోలు రిజెక్ట్ అయితే 1,250 నష్టం, ఆ రోజు నువ్వు పొద్దుట్నుంచీ పడ్డ కష్టం ఎక్కడికీ లెక్కలోకి రాదు. పైగా రైతుకి డబ్బు సాయంత్రానికి ఇవ్వాలి, కంపెనీ 15 రోజులకి ఇస్తుంది. అంటే ఎప్పుడూ మూడున్నర లక్షలు నీ చేతిలోంచి పోయి బయట తిరుగుతుంటాయి. నీ ప్లానులో ఆఫీసు అద్దె ఉంది, యాప్ తయారీ ఖర్చు ఉంది, ఈ మూడున్నర లక్షలు లేవు. యాప్ ఆగినా పర్వాలేదమ్మా, ఇది ముందు పెట్టుకో.

ధర ఒకటే అని రాసుకోకు. 2023 జూలై ఆఖర్లో కిలో 150 దాటిపోయింది, సెప్టెంబరుకల్లా కోత కూలి కూడా రాని ధరకి పడిపోయింది. నాసిక్ వైపు కాయ మార్కెట్‌కి దిగిందంటే మన దగ్గర కొనేవాళ్లు తగ్గుతారు, ఇది ఏటా ఉండేదే. 20కి ఒప్పుకున్న రైతు 150 ఉన్న రోజు నీకు కాయ ఇవ్వడు, అతన్ని తప్పుపట్టలేం. 5కి పడిన రోజు కంపెనీవాడు ప్రతి క్రేట్‌లోనూ మచ్చ వెతుకుతాడు. అందుకే రెండువైపులా "ఆ రోజు మదనపల్లె వేలం ధర మీద ఇంత" అని రాయించు.

పొలం దగ్గర మాత్రం ఎవరి మీదా వదిలెయ్యకు, నువ్వే నిలబడు. ఎండ ముదరకముందే కోయించు, తడి కాయ క్రేట్‌లో పెట్టనివ్వకు. తొడిమ తీయించు, అది పక్క కాయని గుచ్చుతుంది, ఆ చిన్న గాటే మర్నాటికి కుళ్లు. క్రేట్ అంచు దాటి నింపితే పైన క్రేట్ పెట్టగానే మొదటి వరస చితుకుతుంది. దూరం పోయేదైతే దోరగా ఉన్నప్పుడే కోయించు, కానీ ఆ దోర కాయని మరీ చల్లటి గదిలో పెట్టించకు, 10 డిగ్రీల కింద ఉంచితే ఆ తర్వాత సరిగ్గా పండదు, రుచీ ఉండదు.

రిజెక్ట్ అయిన కాయకి గుజ్జు ఫ్యాక్టరీ ఉందిలే అని రాశావు, ఆ నమ్మకం వద్దు. మన హైబ్రిడ్ కాయ దూరం పోవడానికి పెంచింది, చిక్కదనం తక్కువ, వాళ్లు చౌకగా అడుగుతారు. 2025లో తోతాపురి మామిడి చూశావుగా, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు మిగిలిపోయి కొనేవాళ్లు లేక ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు తన తరఫున ఇవ్వాల్సి వచ్చింది. దానికంటే బెంగళూరులోనే హోటళ్లు, హాస్టల్ మెస్‌లు, కేటరింగ్ వాళ్లని పట్టుకో. రసానికీ గ్రేవీకీ వాళ్లకి ఎర్రగా మాగిన కాయే కావాలి, ఆకారంతో పనిలేదు.

జనం తిండి మారుతోందన్న భాగం మాత్రం బాగా రాశావు. 2022-23 గృహ వినియోగ సర్వేలో పల్లెల్లో కూడా ఇంటి మొత్తం ఖర్చులో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాలకి 5 శాతం లోపే, టీలు, చిరుతిళ్లు, ప్యాకెట్ తిండికి 9 శాతం పైనే. ఆ దారిలో నీకు భవిష్యత్తు ఉంది, కానీ మొదటి ఏడాది కాదు. ముందు ముప్పై మంది రైతులు నిన్ను నమ్మాలి. వాళ్లందరితో ఉత్పత్తిదారుల సంఘం పెట్టే ఆలోచన రెండో ఏడాదికి ఉంచు.

ఆ కంపెనీ ఇచ్చిన అగ్రిమెంటు కాగితాలు సంతకం పెట్టకముందే నాకు వాట్సాప్ చెయ్యి. రిజెక్షన్ ఎవరు, ఎక్కడ చేస్తారు, డబ్బు ఎన్నాళ్లకి ఇస్తారు, నేను ముందు ఆ రెండే చూస్తాను.

మీ మామ