రెక్కల బ్యాడ్జ్ కొనే ముందు వెనక్కి తిప్పి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పారాట్రూపర్ల, అంటే పారాచ్యూట్‌తో విమానంలోంచి దూకే సైనికుల, పాత బ్యాడ్జీలు పోగుచేస్తానంటున్నావని, అప్పుడే ఒక జర్మన్ బ్యాడ్జ్‌కి బేరం కూడా ఆడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంత ఓపిక కావాల్సిన పని మీదకి నీ మనసు పోయినందుకు పొంగిపోయాను. జర్మన్ అనే మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది. నకిలీలు కుప్పలుగా ఉన్నది అక్కడే, కొత్తగా దిగినవాడు మొదట కాలేసేదీ అక్కడే. దాని సంగతి తర్వాత చెప్తాను, అంతవరకు పైసా ఇవ్వకు.

కావాల్సిన సరంజామా చిన్నదే. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్, గ్రాములో పదోవంతు దాకా తూచే కాటా, ఒక అల్ట్రావయొలెట్ టార్చి. మొదట ఒకే దేశం, ఒకే కాలం పట్టుకో. నిఖార్సైన ముక్కలు కొన్ని చేత్తో పట్టుకుని చూడు. మ్యూజియంలో గాజు వెనక చూస్తే చాలదు, అక్కడ వెనక వైపు కనబడదు కదా.

ఇప్పుడు ఎన్నో ఏళ్లుగా ఎందరో చేస్తూ వస్తున్న ఒక తప్పు గురించి. మధ్యలో విప్పిన పారాచ్యూట్ గొడుగు, రెండు పక్కలా రెక్కలు ఉన్న అమెరికన్ పారాట్రూపర్ బ్యాడ్జ్ చేతిలో పెడతారు. తిప్పి చూస్తే వెనక ‘స్టెర్లింగ్’ అని, అంటే మేలి వెండి అనే ముద్ర, ఉంటుంది. ‘ఇంకేం, రెండో ప్రపంచ యుద్ధం నాటిదే’ అనుకుని డబ్బు కట్టేస్తారు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఆ బ్యాడ్జ్ గీసినవాడు అమెరికన్ సైనికాధికారి విలియం యార్బరో. 1941 మార్చిలో ఆమోదం దొరికితే, ఫిలడెల్ఫియాలోని బెయిలీ, బ్యాంక్స్ అండ్ బిడిల్ అనే నగల సంస్థ మొదటి విడతగా 350 బ్యాడ్జీలు స్టెర్లింగ్ వెండిలో చేసిచ్చింది. తర్వాత యుద్ధ అవసరాలకి రాగి, ఇత్తడి కరువై, చిహ్నాలకి వెండే వాడారు. అందుకే యుద్ధకాలపు రెక్కల మీద ఆ ముద్ర అంత మామూలు. అయితే యుద్ధం అయిపోయాక కూడా వెండి రెక్కలు తయారవుతూనే వచ్చాయి. పైగా అసలు బ్యాడ్జ్ నుంచి మూస తీసి పోత పోస్తే ముద్ర కూడా దాంతోపాటే దిగుతుంది. ముద్ర లోహాన్ని చెప్తుందే తప్ప కాలాన్ని చెప్పదు. అదీ నిజమైన ముద్ర అయితేనే.

కాబట్టి ముద్రని చివర చదువు. ముందు అంచు చూడు. అసలైనది ఉక్కు అచ్చులతో గట్టిగా కొట్టి, చుట్టూ మిగిలిన లోహాన్ని కత్తిరించే అచ్చుతో తెంపింది. అందుకని అంచు నిటారుగా ఉంటుంది, దాని మీద పైనుంచి కిందికి సన్నటి కోత గీతలు కనిపిస్తాయి. పోత పోసినదాని అంచు గుండ్రంగా ఉంటుంది, లేదా ఆకురాయితో రాసిన గీతలు అడ్డంగా పోతుంటాయి. గొడుగు కింది తాళ్ల మధ్య భూతద్దం పెట్టు. కొట్టిన లోహంలో ఆ గుంటలు నున్నగా ఉంటాయి. పోతలో సూదిమొనంత బుడగల గుంటలు, మెత్తబడిన ఈకలు కనిపిస్తాయి. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది గనుక పోత నకలు రవ్వంత చిన్నదవుతుంది. రెక్కల వెడల్పు సుమారు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. కానీ తయారీదారుని బట్టి కొలతలో తేడాలున్నాయి, కాబట్టి అదే తయారీదారు చేసిన అసలుతో పోల్చాలి. ఊరికే స్కేలు పెట్టి తీర్పు చెప్పకు.

తర్వాత వెనక వైపు. పిన్ను ఉన్నదైతే దాని కీలు, కొక్కెం టంకం వేసిన చోటు చూడు. చుట్టూ అంతా నల్లబడి, టంకం మాత్రం తళతళలాడుతోందంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. జిగురు కనిపిస్తే ఇక అడగనే అక్కర్లేదు. రెండు ముళ్లు, వాటికి నొక్కే క్లచ్‌లు ఉన్నదైతే ముళ్ల మొదలు చూడు గానీ క్లచ్‌లని చూసి మురిసిపోకు. అవి ఊడొచ్చేవి. ఏ బ్యాడ్జ్‌వి ఏ బ్యాడ్జ్‌కైనా తొడగొచ్చు. ముళ్లు పీకేసి పిన్ను అతికించి ‘ముందు కాలంది’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. పిన్ను కిందా పక్కనా పాత మచ్చలు రెండు కనిపిస్తే కథ అదే. వెనక ఒక అక్షరం, గీత, రెండంకెలతో తయారీదారు కోడ్ ఉంటే అది సాధారణంగా యుద్ధం తర్వాతి సరుకు. గొడుగు మీద నక్షత్రం ఉంటే సీనియర్ స్థాయిది, నక్షత్రం చుట్టూ దండ ఉంటే మాస్టర్ స్థాయిది. ఈ రెండూ 1949కి ముందు లేనేలేవు. ‘నార్మండీలో దూకినవాడి మాస్టర్ వింగ్స్, 1944’ అని ఎవడైనా అరచేతిలో వైకుంఠం చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్. యుద్ధంలో దూకినందుకు తాళ్ల మీద పెట్టుకునే చిన్న నక్షత్రాలతో ఇంకా జాగ్రత్త. మామూలు రెక్కలకి నిన్న టంకం వేసినా ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక నీ జర్మన్ బేరం. లుఫ్ట్‌వాఫె, అంటే అప్పటి జర్మన్ వైమానిక దళం, వాళ్ల పారాట్రూపర్ బ్యాడ్జ్ 1936 నవంబర్ 5న పుట్టింది. దండ ఒక ముక్క, కిందికి దూకే గద్ద ఇంకో ముక్క. రెంటినీ వెనక రెండు రివెట్లతో బిగించారు. భూతద్దంతో ఆ రివెట్లే చూడు. ఒకే ముక్కగా పోత పోసిన నకిలీల్లో రివెట్ తల ఉత్త బొడిపె, దాని చుట్టూ అతుకు గీత ఉండదు. గద్దకీ దండకీ మధ్య సందులోంచి వెలుతురు ఎలా వస్తోందో పక్క నుంచి చూడు. యుద్ధం చివర్లో జింకుతో చేశారు. జింకు మీద పూత నిలవదు, బూడిద రంగుకి తిరిగి మసకబారుతుంది. జింకు బ్యాడ్జ్ మీద గిల్టు కొత్త పెళ్లికూతురి నగలా మెరిసిపోతుంటే నమ్మకు. జర్మన్ భూసైన్యం వాళ్ల పారాట్రూపర్ బ్యాడ్జ్ వేరు, అది 1937లో మొదలైంది. భూసైన్యపు పారాట్రూపర్ దళం 1939 మొదట్లోనే లుఫ్ట్‌వాఫెలో కలిసిపోవడంతో అసలువి చాలా అరుదు. చవగ్గా వస్తోందంటేనే అర్థం చేసుకో. స్వస్తిక లేని బ్యాడ్జీలూ కనిపిస్తాయి. స్వస్తిక తీసేసి పాత పతకాలు పెట్టుకోవచ్చన్న పశ్చిమ జర్మనీ 1957 చట్టం తర్వాత పాత సైనికులు పెట్టుకోవడానికి చేసినవవి. నకిలీలు కావు, యుద్ధకాలపువీ కావు. స్వస్తిక ఉన్నవాటిని ప్రదర్శించడం మీద జర్మనీలో గట్టి ఆంక్షలున్నాయి, కొన్ని దేశాల్లో అమ్మకం మీద కూడా. కొనే ముందు అమ్మేవాడి దేశంలోనూ మన దేశంలోనూ చట్టం ఏమిటో కనుక్కో. ఈ ఒక్క విషయంలో బద్ధకిస్తే ఊరుకోను.

బ్రిటిష్ పారాచ్యూట్ రెజిమెంట్ టోపీ బ్యాడ్జ్ 1943లో వచ్చింది. దాని కాలం కిరీటంలో ఉంది. రాజు కిరీటం పైకమాను గుండ్రంగా లేస్తుంది, 1952 తర్వాతి రాణి కిరీటానిది మధ్యలో కిందికి వంగుతుంది. ఈ సూత్రాన్నే కళ్లు మూసుకుని పట్టుకుంటే ఇప్పుడు దెబ్బతింటావు. 2022లో రాజైన చార్లెస్ మళ్లీ ఆ గుండ్రటి కమాను ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నాడు. రాజు కిరీటంతో కొత్త బ్యాడ్జీలు సక్రమంగానే వస్తాయి. అందుకే లోహం చూడు. చేతిలో దూదిలా తేలిపోయే అనోడైజ్డ్ అల్యూమినియం మీద పాత రాజు కిరీటం ఉంటే అది యుద్ధకాలపుది కాదు. పాత అచ్చులతోనే మళ్లీ కొట్టినవి ఇంకో తలనొప్పి. వాటి ముందు వైపు తప్పు పట్టలేం. వెనకే పట్టిస్తుంది.

గుడ్డ చిహ్నాల గురించి క్లుప్తంగా. చీకట్లో అల్ట్రావయొలెట్ కింద దారం నీలంగా వెలిగితే అనుమానించు, తెల్లదనం తెచ్చే రసాయనం యుద్ధం తర్వాతది. కానీ పాత ముక్కని ఈమధ్య డిటర్జెంట్‌తో ఉతికినా అలాగే వెలుగుతుంది. వెలగకపోవడమూ రుజువు కాదు. అంచు చుట్టూ లావుగా తాడులా మెలిపెట్టి కుట్టిన అమెరికన్ ప్యాచ్ యుద్ధకాలపుది కాదు. తమాషా ఏమిటంటే, 9, 21 లాంటి కొన్ని అమెరికన్ ఎయిర్‌బోర్న్ డివిజన్లు, అంటే ఆకాశం నుంచి దిగే సేనా విభాగాలు, అసలు లేనేలేవు. శత్రువుని మభ్యపెట్టడానికి కాగితం మీద సృష్టించారు. వాటి ప్యాచ్‌లు మాత్రం ఉన్నాయి! అలాంటిది దొరికితే నాకు చూపించకుండా ఉండకు.

కొన్నాక తోమకు. నీ శుభ్రత నాకు తెలుసు కాబట్టే భయం. రెక్కల మీది నలుపులో కొంత ఫ్యాక్టరీలో కావాలని పట్టించింది, పాలిష్‌తో పోతే తిరిగి రాదు. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ వెండిని నల్లబరుస్తాయి. పీవీసీ కవర్లు నెమ్మదిగా ఆమ్లం వదిలి పచ్చటి చిలుము పట్టిస్తాయి. టేకు, ఓక్ లాంటి చెక్క పెట్టెలో జింకు పెట్టకు, చెక్క ఆవిరికి తెల్లగా పొడి రాలుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి పాలిథీన్ సంచిలో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం పడెయ్. వేలిముద్రలు కూడా తింటాయి, అంచులు పట్టుకో.

సరదాకైనా చొక్కాకి పెట్టుకోకు. విమానం తలుపు దగ్గర నిలబడి దూకినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల పిల్లలూ ఉన్నారు.

ఎవరైనా ఇంటివాళ్లే అమ్ముతుంటే, బ్యాడ్జ్ ఒక్కటే తీసుకుని కాగితాలు వదిలెయ్యకు. దూకిన తేదీల పుస్తకం, ఫొటో, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పత్రం దేన్నీ విడదియ్యకు. అన్నీ కొనే స్తోమత లేకపోతే అన్నీ ఒకేచోటికి వెళ్లేలా ఇంకొకరికి చెప్పు. అమ్మినవాళ్లు నోటితో చెప్పింది వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి, తేదీ వేసి, అదే కవర్లో పెట్టు. ‘అన్నారు’ అనే రాయి. నువ్వు తేల్చుకున్నది దాని కింద విడిగా రాయి.

మీ మామయ్య